వేడికి సాక్ష్యం చెప్పే రంగులు

దొంగలందరిలోకీ గడుసుదొంగ వేడి. వచ్చినట్టూ తెలియదు, పోయినట్టూ తెలియదు. నీళ్ళు పడితే తడి మిగులుతుంది. నిప్పు పడితే మసి మిగులుతుంది. దుమ్ము పడితే వేలికి అంటుకుంటుంది. కాని నిన్న మధ్యాహ్నమంతా ఎండలో ఉండిపోయిన మందుసీసాను ఈవేళ ఉదయం చేతిలోకి తీసుకుని చూడండి. చల్లగా, బుద్ధిగా, ఏమీ ఎరగనట్టే ఉంటుంది. లోపలి మందు చచ్చిందో బతికిందో సీసా మొహం చూసి చెప్పగల వైద్యుడు లేడు. థర్మామీటరు పెట్టి చూసినా లాభం లేదు. అది ఇప్పటి సంగతి చెబుతుందే గాని నిన్నటి సంగతి చెప్పదు.

మరి ఈ దొంగను పట్టుకోవటం ఎట్లా? వాడు వచ్చిపోయిన సంగతి కళ్ళారా చూసి చెప్పే సాక్షి ఒకరు కావాలి. శాస్త్రజ్ఞులు ఆ సాక్షిని రంగులలో వెతికి పట్టుకున్నారు. వేడి తగిలితే రంగు మారే పదార్థాలు లోకంలో చాలా ఉన్నవి. వాటిలో కొన్ని వేడి తగ్గగానే అంతా మరచిపోతవి. కొన్ని చచ్చినా మరవవు. మరచేవాటితో మనకు సరదా ఉన్నది, సౌకర్యం ఉన్నది. మరవనివాటి మీద మాత్రం పసిపిల్లల ప్రాణాలే ఆధారపడి ఉన్నవి. ఆ కథే ఇప్పుడు చెప్పబోయేది.

రొయ్య ఎందుకు ఎర్రబడుతుంది?

కథ వంటింటి నుంచే మొదలుపెడదాం. శాకాహారులు మన్నించాలి, ఇక్కడ మనకు కావలసింది రొయ్య రుచి కాదు, దాని రంగు.

చెరువులోంచి అప్పుడే తీసిన రొయ్య బూడిదరంగులో, కాస్త నీలిఛాయతో ఉంటుంది. మరిగే నీళ్ళలో వేసిన రెండు మూడు నిమిషాలకల్లా నారింజ ఎరుపు తిరుగుతుంది. కారం వేయకముందే ఈ ఎరుపు ఎక్కడినుంచి వచ్చింది? చిత్రమేమిటంటే, అది కొత్తగా రాలేదు. మొదటినుంచీ అక్కడ ఉన్నదే.

రొయ్య ఒంట్లో ఆస్టాజాంతిన్ అనే రంగు పదార్థం ఉంటుంది. క్యారెట్టుకు రంగునిచ్చే పదార్థానికి ఇది దాయాది. విడిగా ఉన్నప్పుడు దీని రంగు నారింజ ఎరుపే. కాని బతికి ఉన్న రొయ్యలో దానిని ఒక ప్రోటీను గుప్పిట్లో పెట్టుకుని బిగించి పట్టుకుంటుంది. ఆ పట్టులో ఉన్నంతసేపూ దాని రంగు నీలంవైపు జరిగిపోతుంది. లాబ్‌స్టర్ అనే పెద్ద సముద్రజీవిలో ఈ గుప్పిటి నిర్మాణం ఎట్లా ఉంటుందో బ్రిటిష్ శాస్త్రజ్ఞులు 2002లో ఎక్స్‌రే కిరణాల సాయంతో కనిపెట్టి ప్రకటించారు. వేడినీళ్ళు తగలగానే ప్రోటీను ఆకారం చెదిరిపోతుంది, గుప్పిడి విడిపోతుంది, బందీగా ఉన్న ఎరుపు బయటపడుతుంది.

పసుపులో సున్నం కలిపి పారాణి చేసుకుంటాం. అక్కడా రంగు మారుతుంది. కాని ఆ మార్పు వేరు; సున్నం తగిలేసరికి పసుపు అణువే మారిపోతుంది. రొయ్య విషయంలో రంగు అణువు మారలేదు. దాని సహవాసం మారింది, అంతే. "ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారు" అని మనవాళ్ళు మనుషులను గురించి అన్నమాట అణువులకు కూడా వర్తిస్తుందన్నమాట.

ఉడికిన రొయ్యను చల్లారబెట్టండి, మంచులో పెట్టండి; అది మళ్ళీ బూడిదరంగు తిరగదు. అంటే ఒకసారి వేడి తగిలిన సంగతిని ఎప్పటికీ జ్ఞాపకం పెట్టుకుంటుంది. ఈ రొయ్యను కాస్త గుర్తుంచుకోండి. మళ్ళీ దాని అవసరం వస్తుంది.

అణువులూ, సమాసాలూ

తెలుగు పాఠం చెప్పుకునేవాడు రసాయనశాస్త్రంలో వేలు పెట్టడం ఏమిటని అడగవచ్చు. ఈ విషయం మాత్రం తెలుగు పంతులుకు తేలికగానే బోధపడుతుంది. ఎందుకంటే ఇది అచ్చంగా సమాసాల వ్యవహారం.

"పీతము" అంటే పసుపుపచ్చనిది. "అంబరము" అంటే వస్త్రం. రెంటినీ పక్కపక్కన నిలబెట్టి "పీతాంబరుడు" అన్నారనుకోండి. అర్థం పసుపూ కాదు, వస్త్రమూ కాదు, సాక్షాత్తూ విష్ణుమూర్తి! ఏ మాటా తన స్వరూపాన్ని పోగొట్టుకోలేదు. కాని రెండూ జతకూడి నిలబడటంలో విడివిడిగా లేని అర్థం ఒకటి పుట్టింది. జత విడదీస్తే ఆ అర్థమూ పోతుంది.

అణువులు కూడా ఇంతే. ఒక అణువులోని పరమాణువులు గట్టి బంధాలతో అతుక్కుని ఉంటవి. వాటిని విడదీస్తే పదార్థమే మారిపోతుంది. కాని పూర్తిగా తయారైన అణువులు, ఒకదానికొకటి అతుక్కోకుండానే, మెత్తని బంధాలతో చేయీ చేయీ పట్టుకుని వరసలుగా, మెట్లుగా, గూళ్ళుగా నిలబడగలవు. ఈ కూడికలను గురించి చెప్పే శాస్త్రానికి సుప్రామాలిక్యులర్ రసాయనం అని పేరు. మన మాటలలో అణుసముదాయ రసాయనం అనుకోవచ్చు. 1978లో ఆ పేరు పెట్టినవాడు జాన్ మరీ లేన్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు. అంతకు ముందు, 1967లో, అమెరికాలో డూపాంట్ కంపెనీలో పనిచేస్తున్న చార్లెస్ పెడర్సన్ కిరీటం ఆకారంలో ఉండే ఒకజాతి అణువులను గురించి ప్రకటించాడు. ఆ కిరీటం నడుమనున్న ఖాళీలో పొటాషియం వంటి లోహకణం ఒకటి వచ్చి ఇంపుగా కూర్చుంటుంది. ఈ పెడర్సన్ కొరియాలోని పూసాన్ పట్నంలో పుట్టినవాడు. డాక్టరేటు పట్టం లేకుండానే జీవితమంతా పరిశోధన చేసినవాడు. 1987లో ఈ ఇద్దరికీ, డొనాల్డ్ క్రామ్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞునికీ కలిపి రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమానం ఇచ్చారు.

మన కథకు కావలసిన కీలకం ఒక్కటే. ఇనుపగొలుసును తెంచాలంటే కొలిమి కావాలి. పట్టుకున్న చేయి విడిపించాలంటే చిన్న కుదుపు చాలు. అణువుల మధ్య ఉన్న ఈ మెత్తని బంధాలు మన ఒంటి వేడికీ, ఎండ వేడికీ కూడా స్పందిస్తవి. కూడిక మారితే రంగు మారే పదార్థం దొరికిందంటే, వేడికి సాక్షి దొరికినట్టే.

మరచిపోయే సాక్షులు

ఇటువంటి సాక్షి మొట్టమొదట మనిషి కంటబడింది ఈనాడు కాదు. 1888లో, ప్రాగ్ నగరంలో ఫ్రీడ్రిష్ రైనిట్జర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు కొలెస్టరాల్‌కు సంబంధించిన ఒక తెల్లని పదార్థాన్ని వేడిచేస్తున్నాడు. ఏ పదార్థమైనా ఒక వేడి దగ్గర కరగటం లోకసహజం. ఇది మాత్రం రెండుసార్లు కరిగింది! 145.5 డిగ్రీల దగ్గర మబ్బుపట్టిన ద్రవం అయింది. 178.5 డిగ్రీల దగ్గర ఆ మబ్బు విడిపోయి తేటపడింది. చల్లారేటప్పుడు నీలం, ఊదా రంగులు తళుక్కుమని మాయమైనవి. ఆయన ఆశ్చర్యపడి ఓటో లేమన్ అనే జర్మన్ భౌతికశాస్త్రజ్ఞునికి ఉత్తరం రాశాడు. ఇద్దరి కృషివల్ల బయటపడినవే ద్రవస్ఫటికాలు. పారటంలో ద్రవం, వరస తప్పకపోవటంలో స్ఫటికం.

ఆ రంగుల రహస్యం ఇది. ఆ ద్రవంలో పుల్లల వంటి అణువులు పొరలు పొరలుగా ఉంటవి. ఒక్కొక్క పొర కిందిపొరకంటె రవంత పక్కకు తిరిగి ఉంటుంది. అంటే గుండ్రంగా తిరిగే మేడమెట్లు ఉంటవే, ఆ తీరు. ఒక పూర్తి చుట్టు తిరగటానికి ఎంత ఎత్తు పడుతుందో దానినిబట్టి ఏ రంగు వెలుగు వెనక్కు తిరిగి మన కంటికి వస్తుందో నిర్ణయమవుతుంది. నెమలి ఈకలో మెరిసే నీలం కూడా ఇట్లాంటిదే. అక్కడా నీలిరంగు పదార్థం ఏమీ లేదు, అమరికలోనే ఉన్నది మెరుపంతా. వేడి తగిలేసరికి ఈ మెట్ల చుట్టు బిగుసుకుంటుంది. ఎర్రగా కనిపించేది పచ్చన, ఆపైన నీలం అవుతుంది. అమెరికాలో వెస్టింగ్‌హౌస్ కంపెనీకి చెందిన జేమ్స్ ఫెర్గసన్ 1950లలోనూ, 1960లలోనూ ఈ గుణాన్ని వేడి కొలవటానికి ఉపయోగపెట్టాడు. పిల్లలకు జ్వరం వచ్చినప్పుడు నుదుటిమీద అంటించి చూసే నల్లని పట్టీ ఉంటుందే, అందులో అంకెలు వెలిగించేవి ఈ ద్రవస్ఫటికాలే.

రెండో ఉదాహరణ మీ చొక్కాజేబులోనే ఉండవచ్చు. బస్సులో కండక్టరు మిషను నొక్కి చింపి ఇచ్చే టిక్కెట్టు, బజారులో కొట్టువాడిచ్చే బిల్లు చూడండి. అందులో సిరా లేదు. ఆ కాగితం పూతలో రంగులేని రంగుపొడి ఒకటి, దానికి రంగు తెప్పించే ఆమ్లగుణం గల పొడి ఒకటి ఇరుగుపొరుగున ఉంటవి. మిషనులోని వేడిముల్లు తగిలినచోట అవి కరిగి ఒకటినొకటి కలుసుకుంటవి. నల్లని అక్షరం పుడుతుంది. టిక్కెట్టును కాగే గిన్నెకు ఆనించి చూడండి, అంతా నల్లబడుతుంది.

ఇదే జంటను తలకిందులు చేసి జపానులోని పైలట్ కంపెనీవారు చెరిగిపోయే సిరా తయారు చేశారు. ఆ సిరా పెన్నులు 2006లో మొదట యూరపులో అమ్మకానికి వచ్చినవి. అందులో రంగుపొడినీ, దాని జతనూ మైనం వంటి మూడో పదార్థంతో కలిపి కంటికి కనిపించని గుళికలలో పెట్టారు. చల్లగా ఉన్నంతసేపూ జంట కలిసే ఉంటుంది, రంగు ఉంటుంది. పెన్ను చివర రబ్బరుతో రుద్దితే పుట్టే వేడి 60 డిగ్రీలు దాటుతుంది. మూడో పదార్థం కరిగి, జంటను విడదీస్తుంది, రాత మాయమవుతుంది. మళ్ళీ సున్నాకు దిగువన 10 డిగ్రీల చలిలో పెడితే మాయమైన రాత తిరిగి మొలకెత్తటం మొదలవుతుంది, 20 డిగ్రీల దిగువకు పోతే పూర్తిగా కనబడుతుంది. టిక్కెట్టులో కరగటం జంటను కలిపింది. పెన్నులో కరగటం జంటను విడదీసింది. పిల్లలకు లెక్కలు చేసుకోవటానికి ఈ పెన్ను బహు ముచ్చటైనది. చెక్కులమీద, దస్తావేజులమీద, పరీక్షపేపర్లమీద మాత్రం పనికిరాదు. వైశాఖమాసపు ఎండలో తలుపులు బిగించి నిలిపిన కారులో ఇటువంటి సంతకం ఒకటి మరచిపోయి వస్తే ఏమి జరుగుతుందో వేరే చెప్పనక్కరలేదు.

మరవని సాక్షి

ఇంతవరకూ చెప్పిన పట్టీ, పెన్ను మొదలైనవి ఇప్పటి వేడిని చూసి ఇప్పుడు మాట్లాడేవి. చలి తగిలితే మాట మార్చేవి. ఇటువంటి సాక్షి కోర్టులో నిలవదు. టిక్కెట్టు మాట మార్చదు గాని, ఒక్కసారిగా కాలితేనే నోరు విప్పుతుంది. రోజుల తరబడి పడిన ఎండను లెక్కపెట్టలేదు. మొదట చెప్పిన మందుసీసాకు కావలసింది రొయ్యవంటి మరవని సాక్షి. అదీ కొంచెం కొంచెంగా పడిన వేడినంతా పద్దు రాసుకోగలది.

పోలియో చుక్కల సంగతి తీసుకోండి. అందులో ఉండేది బలం తగ్గించిన సజీవ వైరస్. వేడి తగిలితే అది చచ్చిపోతుంది. చచ్చిన మందుకూ, బతికిన మందుకూ రంగులో తేడా లేదు, వాసనలో తేడా లేదు. దానిని కర్మాగారం నుంచి ఓడలు, విమానాలు, లారీలు దాటించి, చిట్టచివరకు ఒక ఆరోగ్య కార్యకర్త భుజాన మంచుగడ్డల పెట్టెలో ఊరూరా మోసుకుపోవాలి. నడుమ బస్సు ఆగిపోయింది, కరెంటు పోయింది, మంచు కరిగింది. అప్పుడు ఆమె ఏమి చేయాలి? పారేస్తే, ఎండన పడి వచ్చిన తల్లులు వట్టిచేతులతో తిరిగిపోతారు. మళ్ళీ వస్తారన్న నమ్మకం లేదు. వేస్తే, మందు చచ్చి ఉన్నదేమో! బిడ్డకు చుక్కలు పడ్డవి గదా అని తల్లి నిశ్చింతగా ఇంటికి పోతుంది. రక్షణ మాత్రం లేదు. ఈ రెండో తప్పు ఇంకా క్రూరమైనది. ఎందుకంటే అది జరిగిన సంగతి ఎవరికీ తెలియదు.

ఈ చిక్కుకు జవాబు మళ్ళీ అణువుల కూడికలోనే దొరికింది. డయాసిటిలీన్లు అనే ఒక జాతి అణువులు ఉన్నవి. ద్రవంగా ఉంటే అవి ఒకదాని ఊసు ఒకటి పట్టించుకోవు. కాని స్ఫటికంలో, విందు పంక్తిలో ఆకుల ముందు కూర్చున్నవాళ్ళలాగా, సరైన దూరంలో, సరైన వాలుతో వరసగా అమరితే కథ మారుతుంది. కాస్త వేడి తగిలేసరికి పక్కవాడి చేయి పట్టుకుంటారు. అతడు అతని పక్కవాడి చేయి. అట్లా పంక్తి అంతా ఒకే పెద్ద గొలుసు అయిపోతుంది. పంక్తి చెదిరితే ఈ పని జరగదు. 1969లో గేర్హార్డ్ వెగ్నర్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు ఈ విషయం స్పష్టంగా నిరూపించాడు. విడి అణువులకు రంగు లేదు. గొలుసుకు చిక్కని రంగు. పైగా ఈ గొలుసు మళ్ళీ విడిపోదు. ఎంత వేడి, ఎంతకాలం తగిలితే అంత గొలుసు, అంత రంగు. చల్లబడితే పని నెమ్మదిస్తుంది గాని, జరిగినపని రద్దుకాదు.

టీకామందు చెడిపోయే వేగానికి సరిపోయేటట్టు ఈ గొలుసు అల్లుకునే వేగాన్ని కుదర్చటమే అసలు విద్య. సియాటిల్ నగరంలోని పాత్ అనే సంస్థా, న్యూజెర్సీలోని ఒక చిన్న కంపెనీ, ప్రపంచ ఆరోగ్య సంస్థా ఏళ్ళ తరబడి శ్రమపడగా, 1996లో పోలియో చుక్కల సీసాలమీద ఈ గుర్తు మొదటిసారి వెలిసింది. 1999లో ప్రపంచ ఆరోగ్య సంస్థా, యూనిసెఫ్ కలిసి అన్ని టీకాలకూ ఈ గుర్తు ఉండాలని కోరినవి.

చూడటానికి అది రూపాయి బిళ్ళకన్నా చిన్నది. ఊదారంగు వలయం, దాని నడుమ లేత రంగు చదరం. వలయం మారదు. చదరంలో ఉన్నది డయాసిటిలీను. వేడి పడినకొద్దీ చదరం ముదురుతుంది. వలయంకన్నా లేతగా ఉంటే మందు వాడవచ్చు. వలయంతో సమానమైనా, అంతకన్నా ముదిరినా పారేయాలి. థర్మామీటరు చదవనక్కరలేదు, లెక్క కట్టనక్కరలేదు. అక్షరం రానివారు కూడా చదవగల అక్షరం ఇది. మందు సుకుమారాన్ని బట్టి ఈ గుర్తులలో తరగతులు ఉన్నవి. పోలియో చుక్కలమీది గుర్తు 37 డిగ్రీల వేడిలో 2 రోజులకే ముదిరిపోతుంది. కాస్త గట్టి టీకాలకు 7 రోజులు, 14 రోజులు, 30 రోజులు పట్టే గుర్తులు ఉన్నవి.

సాక్షికి తెలియని సంగతులు

ఎంత నిజాయితీగల సాక్షి అయినా తాను చూసిందే చెబుతాడు. ఈ గుర్తుకు తెలిసింది వేడి ఒక్కటే. మందును అది పరీక్షించదు. మందుమీద పడిన వేడిని మాత్రమే లెక్కపెడుతుంది. అతిచలి సంగతి దానికి బొత్తిగా తెలియదు. హెపటైటిస్-బి వంటి కొన్ని టీకాలు గడ్డకడితే చెడిపోతవి. మంచుగడ్డకు ఆనించి పెట్టిన సీసా గడ్డకట్టి చెడినా, చదరం మాత్రం లేతగా, ఏమీ జరగనట్టే కనబడుతుంది. అందుకే అటువంటి సీసాలను ఊపి చూసే పరీక్ష వేరే ఉన్నది. పొడిగా వచ్చే టీకాలకు గుర్తు మూతమీద ఉంటుంది. మూత తీయగానే సాక్షి వెళ్ళిపోయినట్టే. నీరు కలిపిన ఆ మందును కొద్ది గంటలలో వాడి, మిగిలింది పారేయవలసిందే.

అయినా ఈ సాక్షి రావటంతో ఎన్నో పనులు సాధ్యమైనవి. ఒకప్పుడు అనుమానం మీద పారేసే సీసాలు దక్కినవి. మంచు అసలు మోయలేని చోట్లకు కూడా టీకా వెళ్ళింది. మన పూణేలో తయారైన మెదడు పొరల వాపు (మెనింజైటిస్) టీకా ఒకదానిని 40 డిగ్రీల వేడిదాకా, నాలుగు రోజులపాటు, మంచు లేకుండానే మోసుకుపోవచ్చునని 2012లో అనుమతి ఇచ్చారు. ఆ ఏడు నవంబరులో ఆఫ్రికాలోని బెనిన్ దేశంలో మొదటిసారి అట్లా చేశారు. అప్పుడు భరోసా ఇచ్చినవి ఈ రంగు గుర్తులే.

తెలుగువారికి ఈ విషయంతో మరొక బాదరాయణం కాని సంబంధం ఉన్నది. హైదరాబాదు ఇప్పుడు ప్రపంచానికి టీకాలు పంపే ఊరు. 1953లో మొదలైన బయొలాజికల్ ఇ కంపెనీ అక్కడే ఉన్నది. 2017 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదం పొందిన టైఫాయిడ్ టీకా భారత్ బయోటెక్ వారిది, అదీ అక్కడిదే. ఇక్కడినుంచి ఎండదేశాలకు పోయే సీసాల వెంట ఈ చిన్న సాక్షి కూడా ఓడ ఎక్కుతున్నది.

మనదేశంలో ప్రకృతిసహజమైన పోలియో వైరస్ సోకిన చివరి కేసు 2011 జనవరి 13న పశ్చిమబెంగాల్‌లోని హౌరా జిల్లాలో బయటపడింది. 2014 మార్చి 27న మనప్రాంతాన్ని పోలియో లేని ప్రాంతంగా ప్రకటించారు. ఆ ఘనతంతా చిటికెడు రంగుదే అంటే అతిశయోక్తి అవుతుంది. ఇంటింటికీ తిరిగిన లక్షలమంది కాళ్ళది ఆ ఘనత. కాని తాము మోసుకుపోతున్నది మందేనా, వట్టినీళ్ళా అన్న శంక లేకుండా వారు తలుపు తట్టగలిగారంటే, అందులో ఈ రంగుకు వాటా ఉన్నది.

ఈసారి మీ ఇంటి పసిబిడ్డను ఆరోగ్య కేంద్రానికి తీసుకుపోయినప్పుడు, సీసామీది గుర్తు ఒక్కసారి చూపించమని అక్కడి నర్సమ్మను అడగండి. ఆమె ఏమీ అనుకోదు. ఆమె ఎటూ చూసే ఉంటుంది. మీరూ చూశారని సంతోషిస్తుంది. చదరం వలయంకన్నా లేతగా ఉన్నదా? అయితే సందేహం వద్దు. బిడ్డను ఒళ్ళో పడుకోబెట్టి నోరు తెరిపించండి.